కొండెక్కడానికి సెలవిచ్చే కాలేజీ: విలియమ్స్‌లో నాలుగు రోజులు

గురువారం

పొద్దున ఎనిమిదింటికి తమ్ముడు కారు తీశాడు. బోస్టన్ దగ్గర వెస్ట్‌బరో నుంచి విలియమ్స్‌టౌన్‌కి మూడు గంటల ప్రయాణం. హైవే మీద వెళ్తే సుఖమే గానీ, అక్టోబరు మొదట్లో ఇంత దూరం వచ్చి చెట్లు చూడకుండా ఎలా పోతాం? అందుకే రూట్ 2 పట్టించాను. మొహాక్ ట్రైల్ అంటారు. 1914లో కార్లవాళ్లు కొండలు చూసుకుంటూ వెళ్లడానికి తెరిచిన దారి. నార్త్ ఆడమ్స్ ఇంకా కింద ఉందనగా రోడ్డు ఒక్కసారిగా వెనక్కి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర దిగి చూస్తే లోయంతా ఎరుపు, పసుపు, ఇటుక రంగు. మన వైపు మోదుగులు పూసినప్పుడు తప్ప అడవికి ఇన్ని రంగులు నేను చూడలేదు. ఇక్కడ మాత్రం అవి పూలు కాదు, రాలబోయే ఆకులు.

నేను ఒంగోలు దగ్గర జూనియర్ కాలేజీలో 29 ఏళ్లు పీడీగా చేసి రిటైరయ్యాను. ఖోఖో, కబడ్డీ నేర్పాను. నేను చేరినప్పుడు ఉన్న గ్రౌండులో సగం, నేను దిగిపోయేనాటికి కొత్త బ్లాకు కింద పోయింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ నాలుగు రోజులూ నేను చూసిందంతా ఆ కళ్లతోనే చూశాను.

మా అక్క కూతురు చిన్ని ఇక్కడ విలియమ్స్ కాలేజీలో రెండో సంవత్సరం. ఇంటర్ రెండేళ్లూ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివింది. తెల్లారకముందే స్టడీ అవర్స్, రాత్రి పడుకోబోయేదాకా మళ్లీ స్టడీ అవర్స్. గ్రౌండు లేదు, ఆదివారం కూడా లేదు. ఆ రెండేళ్లలో ఎండలో నిలబడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని ఒకసారి ఫోన్లో చెప్పింది. నాకు అది ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. పీడీ ఇంట్లో పుట్టిన పిల్ల!

విలియమ్స్ కాలేజీకి ప్రహరీ గోడ లేదు. మెయిన్ స్ట్రీట్‌కి అటూ ఇటూ పచ్చిక, ఇటుక కట్టడాలు. ఏది ఊరో ఏది కాలేజీయో తెలియదు. 1793లో పెట్టిన కాలేజీ. అన్నిటికంటే పాతదైన వెస్ట్ కాలేజ్ భవనంలో ఇప్పటికీ పిల్లలు ఉంటున్నారు. మొత్తం విద్యార్థులు రెండు వేల చిల్లర. మన దగ్గర ఒక కార్పొరేట్ కాలేజీ ఒక్క బ్రాంచిలో అంతమంది ఉంటారు.

చిన్ని పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను ఎత్తినంత పని చేసింది. భుజాలు వచ్చాయి పిల్లకి. "ఏం తింటున్నావే?" అంటే "తినడం కాదు పిన్నీ, రోయింగ్" అంది. తెడ్లేసి పడవ నడిపే ఆట.

మధ్యాహ్నం మొదటి సంవత్సరంలో తను ఉన్న హాస్టలు చూపించింది. ఇక్కడ కొత్తగా చేరినవాళ్లని చిన్న చిన్న గుంపులుగా పెడతారు. ఒక్కో గుంపుని ఎంట్రీ అంటారు. ప్రతి ఎంట్రీలోనూ మూడో సంవత్సరం పిల్లలు వాళ్లతోపాటే కాపురం ఉంటారు. వాళ్లకి జూనియర్ అడ్వైజర్లని పేరు. జ్వరం వస్తే మందు తెచ్చేది వాళ్లే, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే రాత్రి రెండింటిదాకా పక్కన కూర్చునేదీ వాళ్లే. ఆదివారం రాత్రి అందరూ ఒకచోట చేరి ఏదో ఒకటి తింటారు. సీనియర్ అనే మాట వింటేనే కడుపులో దడ పుట్టే కాలేజీ రోజులు నావి. అదే సీనియర్‌ని జూనియర్ గది పక్కన కాపలాగా పెట్టాలని ఇక్కడ ఎవరికో తోచింది.

ఈ కాలేజీ మొదటినుంచీ ఇంత మంచిదేమీ కాదు. 1960ల దాకా ఫ్రటర్నిటీలదే, అంటే విద్యార్థుల సొంత క్లబ్బులదే రాజ్యం. ఎవరు ఎవరితో కూర్చుని తినాలో, ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వదిలేయాలో వాళ్లే తేల్చేవాళ్లు. 1962లో ఒక కమిటీ నివేదిక చూసి కాలేజీ వాటిని ఎత్తేయడం మొదలుపెట్టింది. పాత విద్యార్థులు చాలామంది కోపగించుకున్నారట. ఆడపిల్లలు డిగ్రీ కోసం చేరడం 1970 తర్వాతే. అంటే చిన్ని పడుకునే ఈ కట్టడాల్లో దాదాపు 180 ఏళ్లు మగపిల్లలే చదువుకున్నారు.

రాత్రి పడుకోబోతూ చిన్ని ఒకటే టెన్షన్. "రేపు మౌంటెన్ డే అవుతుందో లేదో పిన్నీ." అక్టోబరులో మొదటి మూడు శుక్రవారాల్లో ఏదో ఒకరోజు క్లాసులన్నీ రద్దు చేసి అందరినీ కొండకి పంపిస్తారు. ఏ శుక్రవారమో ముందు చెప్పరు. వాన పడితే వాయిదా. తెల్లవారుజామున గంటలు మోగితే కొండ, మోగకపోతే క్లాసు. రేపు ఒక పేపరు కూడా ఇవ్వాలట. అయినా దుప్పటి కప్పుకుని వాతావరణమే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం

గంటలు మోగాయి.

గెస్ట్‌హౌస్ కిటికీ తెరిచి ఉంచే పడుకున్నాను. ఏడు కావస్తుండగా థాంప్సన్ చాపెల్ గోపురంలోంచి వరసగా గంటలు. వాయించింది కాలేజీ పాట వరస అని తర్వాత చిన్ని చెప్పింది. ఇక్కడే చదివిన వాషింగ్టన్ గ్లాడెన్ 1859లో రాసిన పాట. అదీ కొండల మీదే. ఎక్కడో ఒక గదిలోంచి కేక, ఆ వెంటనే పది గదుల్లోంచి కేకలు. మా వీధిలో సెలవు ప్రకటించినప్పుడు పిల్లలు అరిచినట్టే ఉంది. వీళ్లు ఇరవయ్యేళ్లవాళ్లు, అంతే తేడా.

గ్రేలాక్ కొండ ఎత్తు 3,491 అడుగులు. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇంతకు మించిన కొండ లేదు. పిల్లలు ఎక్కేది శిఖరానికి కాదు, పడమటి వైపున్న స్టోనీ లెడ్జ్ అనే రాతి అంచుకి. చిన్ని, తన ఇద్దరు స్నేహితురాళ్లు, నేను హేలీ ఫార్మ్ దారిలో బయల్దేరాం. మొదట ఒక పశువుల కొట్టం, గడ్డి మైదానం. అది దాటాక చెట్లలోకి ఒకటే నిటారు. నా మోకాలు మూడుసార్లు ఆపింది. ఆగినప్పుడల్లా కిందనుంచి వచ్చే పిల్లలు "ఇంకొంచెమే" అనేసి వెళ్తున్నారు. ముందు లెక్కలు చెప్పే ప్రొఫెసరు ఒకాయన ఇద్దరు చిన్నపిల్లల్ని నడిపించుకుంటూ వెళ్తున్నారు. చిన్ని ఆయనకి పేరు పెట్టి నమస్కారం చెప్పింది. ఆయన ఆగి, చేతికర్ర నా చేతిలో పెట్టి, "పైన ఇవ్వండి" అని వెళ్లిపోయారు.

ఈ కొండ పిచ్చి ఇప్పటిది కాదు. 19వ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ పిల్లలకి పని రోజులు ఉండేవట. చలికాలమంతా కట్టెలు కొట్టగా పేరుకున్న చెక్క పేళ్లు ఊడ్చేది ఒక రోజు, దారుల మీద కంకర పరిచేది ఇంకో రోజు. పని తొందరగా ముగించుకుని, తర్వాతికాలంలో పనే మానేసి, కొండల మీద పడేవాళ్లు. ఆల్బర్ట్ హాప్కిన్స్ అనే ప్రొఫెసరు 1863లో ఈ ఊళ్లో ఆల్పైన్ క్లబ్ పెట్టారు. అమెరికాలో కొండలెక్కేవాళ్ల మొదటి సంఘాల్లో అదొకటి. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. పొడుగు గౌన్లతో ఈ రాళ్లెక్కారు! కాలేజీలో ఆడపిల్లకి సీటు లేని కాలంలో కొండ మీద మాత్రం చోటు దొరికింది. ఖగోళ శాస్త్రం కోసం ఇక్కడ 1838లో అబ్జర్వేటరీ కట్టించిందీ ఈ హాప్కిన్సే. పగలు కొండ, రాత్రి నక్షత్రాలు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది.

చెట్లు అయిపోయి ఒక్కసారిగా రాయి మీదికి వచ్చాం. ఎదురుగా గ్రేలాక్, మధ్యలో హాపర్ అనే లోతైన లోయ. మరలో ధాన్యం పోసే తొట్టిలా ఉంటుందని ఆ పేరు. ఆ తొట్టినిండా రంగులు పోసినట్టుంది. శిఖరం మీద యుద్ధ స్మారక స్తంభం తెల్లగా, అగ్గిపుల్లంత కనిపిస్తోంది. అంచు మీద కొన్ని వందల మంది పిల్లలు. పెద్ద పెద్ద పీపాల్లో ఆపిల్ సైడర్, అట్టపెట్టెల్లో డోనట్లు. డోనట్ ఇంకా వెచ్చగానే ఉంది. పైన పంచదార, లోపల దాల్చినచెక్క వాసన. నేను సంచిలోంచి అక్క పంపిన అరిసెల డబ్బా తీశాను. పది నిమిషాల్లో ఖాళీ. ఒక అబ్బాయి నువ్వులు వేళ్లతో ఏరుకుని మరీ తిన్నాడు.

తర్వాత పాటలు. వాయిద్యాల్లేకుండా నోటితోనే పాడే జట్లు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే ముందుకొచ్చి పాడింది. గాలికి సగం పాట లోయలోకి పోతోంది. అయినా ఎవరూ కదల్లేదు. నా పక్కన కూర్చున్న పిల్ల పుస్తకం తెచ్చుకుంది గానీ, మూసి ఒళ్లో పెట్టుకుంది.

చిన్ని నా భుజం మీద తల పెట్టి, "క్లాసు లేదని కాదు పిన్నీ. అందరికీ ఒకేసారి లేదు. అదే బాగుంటుంది" అంది. ఆ మాట నాకు బాగా అర్థమైంది. మన పిల్లలకి సెలవులు లేవని కాదు. పక్కవాడు చదువుతున్నాడేమోననే భయం లేని సెలవు లేదు.

దిగేటప్పుడు ప్రొఫెసరుగారి కర్ర తిరిగిచ్చాను.

శనివారం

చిన్ని జట్టు సాధన చేసేది పిట్స్‌ఫీల్డ్‌లో ఓనోటా చెరువు మీద. కాలేజీ నుంచి ముప్పావు గంట ప్రయాణం. జట్టు వ్యాను ముందు, మా కారు వెనక.

దారిలో తమ్ముడు పిట్స్‌ఫీల్డ్ గురించి చెప్పాడు. 1791లో ఈ ఊరివాళ్లు ఒక కట్టుబాటు రాసుకున్నారు: కొత్తగా కట్టిన మీటింగ్ హౌస్‌కి 80 గజాల లోపల బేస్‌బాల్ ఆడకూడదు. కిటికీ అద్దాలు పగులుతున్నాయట. సరిగ్గా ఈ ఊళ్లోనే 1859 జులై 1న విలియమ్స్ పిల్లలు ఆమ్‌హర్స్ట్ కాలేజీ పిల్లలతో బేస్‌బాల్ ఆడారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి బేస్‌బాల్ పోటీ అది. ఒక్కో వైపు 13 మంది. ఆమ్‌హర్స్ట్ 73, విలియమ్స్ 32. మర్నాడు రెండు కాలేజీలూ చదరంగం ఆడాయి. అందులోనూ ఆమ్‌హర్స్టే గెలిచింది. బంతాటా చదరంగమూ ఒకే పందెంలో రెండు భాగాలని వాళ్లకి తోచడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఈ రెండు కాలేజీల మధ్య పంతానికి ఇంకా పాత కారణం ఉంది. 1821లో విలియమ్స్ ప్రెసిడెంటే కొంతమంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయి ఆమ్‌హర్స్ట్‌కి మొదటి ప్రెసిడెంటయ్యాడు. పోతూ పోతూ లైబ్రరీ పుస్తకాలు కూడా ఎత్తుకుపోయారని కథ. నిజం కాదంటారు గానీ, విలియమ్స్ పిల్లలు ఆ కథ వదలరు.

చెరువు మీద పొగమంచు. షెడ్డులోంచి పడవ తీశారు. ఎనిమిది మంది కూర్చునే పడవ దాదాపు 60 అడుగులుంటుంది. వెడల్పు మాత్రం నడుము పట్టేటంతే. తొమ్మిదో మనిషి కాక్స్. బక్కపల్చని పిల్ల, గొంతు మాత్రం కంచు. ఆమె చెప్తేనే ఎత్తాలి, ఆమె చెప్తేనే దించాలి. ఎనిమిది మందీ పడవని నడుము దాకా, అక్కణ్నుంచి తల మీదికి, తల మీంచి భుజాల మీదికి తెచ్చి గట్టు దాకా మోశారు. మా ఊళ్లో పెళ్లిపందిరి రాట మోసేవాళ్ల అడుగు గుర్తొచ్చింది. ఒక్కరి అడుగు తప్పితే అందరికీ బరువు.

కోచ్ మోటారు పడవలో నాకూ చోటిచ్చారు. అప్పుడు చూశాను దగ్గరగా. పిల్లలందరూ వెనక్కి తిరిగి కూర్చుంటారు. పడవ ఎటు పోతోందో వాళ్లకి కనిపించదు, ఒక్క కాక్స్‌కి తప్ప. కూర్చునే పలక చక్రాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. మోకాళ్లు ముడుచుకుని ముందుకు వంగి, తెడ్డు నీళ్లలో దించి, కాళ్లతో తన్నుతారు. చేతులతో లాగుతారనే అనుకున్నాను ఇన్నాళ్లూ. బలమంతా కాళ్లది, తర్వాత నడుముది, ఆఖర్న చేతులది. తెడ్డు బయటికి వచ్చినప్పుడు ఎనిమిది సుడులు నీళ్ల మీద వరసగా మిగులుతాయి. అవి సమాన దూరంలో ఉంటే పడవ బాగా వెళ్తున్నట్టు. చిన్ని ఐదో సీటు. దాని తెడ్డు ఒక అరక్షణం ఆలస్యంగా దిగుతోంది. కాక్స్ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. నాలుగు తెడ్ల తర్వాత సరిచేసుకుంది. నేను ఊపిరి వదిలాను.

ఈ పిల్ల ఇక్కడికి వచ్చేదాకా తెడ్డు ముట్టుకోలేదు. ఈత కూడా ఇక్కడే నేర్చుకుంది. మొదటి సంవత్సరం పిల్లల కోసం కోచ్‌లు క్యాంపస్‌లో బల్ల వేసుకుని కూర్చుంటే, పొడుగ్గా ఉన్నావు వస్తావా అని అడిగారట. ఇక్కడి రోయింగ్ జట్టులో అలా కాలేజీకి వచ్చాకే మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటి కాలేజీలో ఆడపిల్లల జట్టు 2006 నుంచి 2013 దాకా వరసగా ఎనిమిదేళ్లు డివిజన్ 3 జాతీయ ఛాంపియన్లు. డివిజన్ 3 అంటే ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఒక్క డాలరు కూడా. ఇంట్లో స్తోమత లేకపోతే చదువుకి సాయం చేస్తారు, ఆడినా ఆడకపోయినా. 2022 నుంచి ఆ సాయంలో అప్పు అనేదే లేకుండా తీసేశారు. చిన్ని చదువుతున్నది ఆ సాయం మీదే. కాబట్టి చెరువు మీదికి వచ్చేవాళ్లు ఇష్టపడి వచ్చేవాళ్లే. 30కి పైగా జట్లు ఉన్నాయి కాలేజీకి. ఏ జట్టులో లేనివాళ్లు కూడా డిగ్రీ కావాలంటే పీఈ (వ్యాయామ విద్య) క్రెడిట్లు పూర్తి చేయాలి. పీఈ పీరియడ్ లాక్కుని లెక్కలు చెప్పే చోట ముప్పయ్యేళ్లు పోట్లాడినదాన్ని. ఆ రూలు నాకు వరంలా వినిపించింది.

ఒడ్డుకి వచ్చాక చిన్ని చేతులు చూశాను. అరచేతుల నిండా బొబ్బలు, పగిలి ఎండినవి కొన్ని, పచ్చివి కొన్ని. వేళ్ల మొదట్లో కాయలు కాశాయి. మా అమ్మ చేతులు ఇలాగే ఉండేవి, పొగాకు బేళ్లు మోసి. నా సంచిలో కొబ్బరినూనె సీసా ఉంది. రాస్తుంటే "వద్దు పిన్నీ, జారిపోతుంది తెడ్డు" అని చేయి లాక్కుంది.

మధ్యాహ్నం కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. నాకు ఆ ఆట పెద్దగా ఎక్కలేదు. ఆగడమే ఎక్కువ. అందరూ ఊదారంగు వేసుకొచ్చారు, ఆవు వేషం వేసుకున్న పిల్లాడు మెట్ల మీద గంతులేశాడు. ఊదారంగు ఆవు ఈ కాలేజీ గుర్తు. పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ రోజు మ్యాచ్ గెలిస్తే మాత్రం ఆటగాళ్లందరూ యూనిఫాంలతోనే స్ప్రింగ్ స్ట్రీట్ మీదుగా నడుచుకుంటూ మంగలి షాపుకి వెళ్తారట. అక్కడ పాటలు, చుట్టలు, జుట్టు కత్తిరింపులు. సాయంత్రం ఆ షాపు ముందు నిలబడి చూశాను. చాలా చిన్న షాపు. జట్టు మొత్తం ఎలా పడతారో!

ఆదివారం

పొద్దున్నే చిన్ని నన్ను మిషన్ పార్క్‌కి తీసుకెళ్లింది. నేను ఈ ఊరు రావాలనుకున్నప్పటినుంచి చూడాలనుకున్నది ఇదే.

చెట్ల మధ్య నా ఎత్తుకి రెట్టింపు పాలరాతి స్తంభం, పైన గుండ్రటి భూగోళం. 1806లో శామ్యూల్ మిల్స్ అనే విద్యార్థి, ఇంకో నలుగురు ఇక్కడ పొలంలో ప్రార్థనకి కూడారు. ఉరుములు, వాన. పక్కనున్న గడ్డివామి చాటుకి చేరి, దూరదేశాలకి సువార్త తీసుకెళ్లాలని మాట్లాడుకున్నారు. నాలుగేళ్లకి, 1810లో, అమెరికా నుంచి విదేశాలకి మిషనరీల్ని పంపే మొదటి బోర్డు పుట్టింది. ఆ బోర్డు 1812లో పంపినవాళ్లలో ఆడోనిరామ్ జడ్సన్ ఒకరు. కలకత్తా చేరేసరికి ఆయన బాప్టిస్టు అనే వేరే క్రైస్తవ శాఖలోకి మారారు. ఆయన్ని ఆదుకోవడానికి అమెరికా బాప్టిస్టులు 1814లో సొంత సంఘం కట్టుకున్నారు. ఆ సంఘం పంపగా శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం దిగి, 1840లో నెల్లూరు చేరారు. ఆ నెల్లూరు మిషన్ నుంచే 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చారు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా నాయనమ్మ తాతగారు ఆ కాలవ తవ్వినవాళ్లలో ఒకరని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నేను అక్షరాలు దిద్దింది మిషన్ స్కూల్లో. అక్కడి గ్రౌండులోనే మొదటిసారి పరుగెత్తాను.

రాయి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. చల్లగా, మంచుతో తడిగా ఉంది. "ఇక్కడికి రోజూ వస్తావా?" అని అడిగాను. "పరుగెత్తేటప్పుడు దీని చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తాను పిన్నీ. మనకి సంబంధం ఉందని నాకు తెలియదు" అంది. కాసేపు ఇద్దరం అక్కడే ఉన్నాం. దానికి నేను గుండ్లకమ్మ సంగతి మొదటినుంచి చెప్పాను.

తిరిగొస్తూ చాపెల్ గోపురం చూపించింది. చదువు పూర్తయ్యే వాళ్లు అక్కణ్నుంచి 80 అడుగుల కిందికి చేతి గడియారం ఒకటి జారవిడుస్తారు. పగిలితే ఆ బ్యాచికి అదృష్టం. "మీ బ్యాచిది పగలాలని ప్రార్థన చేస్తాలే" అన్నాను.

పదకొండింటికి తమ్ముడు కారు తీసుకొచ్చాడు. సోమవారం చిన్నికి ట్యుటోరియల్ ఉంది. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసరు, అంతే క్లాసు. ఒకవారం ఒకరు వ్యాసం రాస్తే రెండోవారు దాన్ని విమర్శించాలి. పైవారం తారుమారు. ఈసారి రాయాల్సింది చిన్ని. మొన్న కొండెక్కినందుకు ఆ వ్యాసం ఇంకా సగమే అయింది. అయినా ముఖంలో భయం లేదు.

కారెక్కబోతుంటే చెవి దగ్గరికి వచ్చి, "అమ్మకి నా చేతుల ఫొటో పంపకు పిన్నీ, ఏడుస్తుంది" అంది. నిన్న రాత్రే పంపేశానని చెప్పాను. అక్క అప్పటికే జవాబు పెట్టింది. ఫోన్ చిన్ని చేతికిచ్చాను.

"పడవలో ఎన్నో సీటు?" అని అడిగింది వాళ్లమ్మ.